చెవులు కొరుక్కునే ఇల్లు

ఆ వీధిలో ఎవరి తలుపు మొరాయించినా ముందు గుర్తొచ్చేది తాళాలాయనే. రెండంతస్తుల మేడ మెట్ల కింద, కొంచెం నిక్కి నిలబడితే నెత్తి తగిలేంత చోటులో ఆయన కొట్టు. వెనక గోడ నిండా మేకులకి వేలాడే ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు, ఒక బల్ల, బల్ల మీద రకరకాల ఆకురాళ్ళు, పక్కన తాళంచెవులు కోసే మిషను. అది ఆడినప్పుడల్లా ఇనుము మీద ఇనుము రాసుకుని వీధి చివరి దాకా కీచుమనేది. దారినపోయేవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. ఆయన మాత్రం మొహం దాని మీదికి వంచి, నిప్పురవ్వల మధ్య నింపాదిగా పని చేసుకునేవాడు. కుర్రతనం నుంచీ అదే పని, అదే మోత.

అనుమానం లేనివాడు ఆ పని చేయలేడు. ఫలానా తాళంచెవికి జోడు కావాలని ఎవరొచ్చినా ఆయన ముందు తాళంచెవిని చూడడు, మనిషిని చూస్తాడు. ఇల్లు ఎవరిది, అద్దెకున్నారా, సొంతమా, మొదటిది ఏమైంది అని ఆరా తీస్తాడు. ఒకసారి ఇస్త్రీ చొక్కా, సెంటు వాసన, చంకలో తోలుసంచి ఉన్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, సబ్బుబిళ్ళ మీద నొక్కిన అచ్చు చూపించి ఇలాంటిది చేసిపెట్టమన్నాడు. తాళాలాయన ఆ సబ్బు అందుకుని, వాసన చూసి, "ఇది స్నానానికి పనికొస్తుంది సార్, తాళానికి పనికిరాదు" అంటూ పక్కనున్న నీళ్ళ బక్కెట్టులో పడేశాడు. పెద్దమనిషి మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు.

అయితే ఆ అనుమానాన్ని ఆయన ఏనాడూ ఇంటికి తెచ్చుకోలేదు. సాయంత్రం కొట్టు కట్టేసేటప్పుడు దాన్ని కూడా లోపలే పెట్టి తాళం వేసి వచ్చేవాడు. అలాంటిది, అరవై దాటాక, కూతురి కాన్పుకి సాయంగా భార్య పక్క ఊరు వెళ్ళిన రోజుల్లో, అది ఆయన వెనకాలే ఇంటికి నడిచొచ్చింది.

ఇంట్లో ఆయన, కొడుకు, కోడలు, నాలుగేళ్ళ మనవరాలు. కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. మనిషి గొంతు కూడా బస్సు ఇంజనులాగే అడుగునుంచి మోగుతుంది. కోడలికి గ్రంథాలయంలో ఉద్యోగం. గట్టిగా మాట్లాడకపోవడమే ఆ ఉద్యోగంలో సగం కాబట్టి ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. భార్య ఉన్నన్నాళ్ళూ భోజనాల దగ్గర ఆయన పక్కనే కూర్చునేది. కోడలు ఏదైనా అంటే ఆవిడ దాన్ని మళ్ళీ పెద్దగా అనేది. "కూర ఇంకొంచెం వెయ్యమంటారా అంటోంది అమ్మాయి", "రేపు నీళ్ళు రావట, ఇవాళే పట్టుకోవాలట" అంటూ ఎవరి మాటనైనా తన నోట ఇంకోసారి తిప్పేది. చెప్పిందే చెప్పడం ఆవిడకి అలవాటని అందరూ అనుకున్నారు. ఆయనా అనుకున్నాడు.

ఆవిడ వెళ్ళిన మొదటి వారంలోనే ఇంట్లో ఏదో జరుగుతోందని ఆయనకి తోచింది.

భోజనాల దగ్గర కొడుకు మాటలు వినిపిస్తున్నాయి. కోడలి మాటలు వినిపించడం లేదు. పెదాలు కదులుతున్నాయి, కళ్ళు తన వైపు ఒకసారి తిరిగి మళ్ళీ మొగుడి వైపు వెళ్తున్నాయి. మధ్యలో కొడుకు "అవును", "అలాగే చేద్దాంలే", "నేను మాట్లాడతా" అంటాడు. ఎవరి గురించి? ఏం మాట్లాడతాడు? టెలిఫోనులో అవతలివాళ్ళు లేకుండా ఇవతలివాళ్ళనే విన్నట్టుగా ఉంది. ఇదివరకు ఇంత గుసగుస లేదే. అత్తగారు ఇలా గడప దాటిందో లేదో అలా మొదలుపెట్టిందన్నమాట అనుకున్నాడు.

తర్వాత టీవీ సంగతి. ఆయన పెంచి కూర్చుంటాడు, కోడలు ఇటు నుంచి అటు వెళ్తూ తగ్గించేస్తుంది. ఆయన గదిలోకి రాగానే ఇద్దరూ మాట ఆపి మొహాలు ఎత్తి చూస్తారు. ఆపడం దేనికి, తప్పు మాట కాకపోతే? వీటన్నిటికన్నా బాధ పెట్టింది మనవరాలు. ఆ పిల్ల వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి చెవిలో ఏదో చెప్పేది. ఆయనకి వెచ్చటి గాలి తగిలేది తప్ప మాట తగిలేది కాదు. "ఏంటమ్మా?" అంటే మళ్ళీ గాలే. మూడోసారి అడిగితే పిల్ల విసుక్కుని దిగిపోయేది.

నిన్నగాక మొన్న గలగలా మాట్లాడిన పిల్లకి ఈ గుసగుస ఎవరు నేర్పినట్టు?

కొట్టుకి ఎదురుగా దర్జీ ఉన్నాడు, పాతికేళ్ళ స్నేహం. కుట్టుమిషను తొక్కుతూనే అవతలి పేట దాకా వినిపించేలా మాట్లాడటం అతని స్వభావం. తాళాలాయనకి ఈమధ్య లోకంలో సాఫీగా కబుర్లు సాగేది అతనొక్కడితోనే. సంగతంతా చెప్పాడు.

"నేను అనుకుంటూనే ఉన్నానోయ్," అన్నాడు దర్జీ, పళ్ళ మధ్య దారం తెంపుతూ. "లైబ్రరీలో ఉండే మనిషి. చదివినవన్నీ నీ మీద ప్రయోగిస్తున్నట్టుంది."

"ఊరుకో. మంచి పిల్లే."

"మంచిదే. మంచివాళ్ళే నిదానంగా చేస్తారు. కళ్ళు తెరుచుకుని ఉండు."

దర్జీ వేళాకోళంగానే అన్నాడు. కానీ తాళాలాయన ఆ మాటని జేబులో వేసుకుని ఇంటికెళ్ళాడు.

ఆ సాయంత్రమే వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. లోపల కొళాయి పారుతోంది. కోడలు వీపు తిప్పి గిన్నెలు కడుగుతోంది. కొడుకు గట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాడు.

"ముసలి..." అన్నాడు కొడుకు. తర్వాత మాట నీళ్ళ చప్పుడులో కొట్టుకుపోయింది. "...అంత తేలిగ్గా లొంగే రకం కాదు."

కోడలు ఏదో అంది.

"మందు పెట్టొచ్చు. కానీ ఇంట్లోనే పోతే... మనకే తలనొప్పి."

కోడలు మళ్ళీ ఏదో అంది. ఈసారి నవ్వింది కూడా.

"అదీ నిజమే. ఎక్కడైనా దూరంగా వదిలేసి రావడమే మేలు. నాన్నకి మాత్రం చెప్పకు. గోల చేస్తాడు."

తాళాలాయన వెనక్కి నడిచి తన మంచం మీద కూర్చున్నాడు. వీడిని సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళింది తనే. జ్వరమొస్తే భుజాన వేసుకుని వీధంతా తిరిగింది తనే. అదంతా గుర్తొచ్చి కాసేపు కళ్ళు చెమర్చాయి. తర్వాత వృత్తిబుద్ధి మేల్కొంది. తాళం పగలగొట్టేవాడు వస్తున్నాడని తెలిస్తే ఏడుస్తూ కూర్చుంటామా?

ఆ పూట భోజనం దగ్గర, కోడలు నీళ్ళకి లేచినప్పుడు, తన కంచం కొడుకు ముందుకి జరిపి కొడుకుది తన ముందుకి లాక్కున్నాడు.

కొడుకు తెల్లబోయాడు. "ఏంటి నాన్నా?"

"నీదే బాగున్నట్టుంది."

"రెండూ ఒకటే కదా."

"ఒకటే అయితే నీకేం నష్టం? తిను," అన్నాడు తాళాలాయన, కొడుకు మొదటి ముద్ద మింగేదాకా కన్నార్పకుండా చూస్తూ. కొడుకు మింగాడు. మెతుకు మిగల్చకుండా తిని తేన్చాడు కూడా. అయినా ఆయనకి నమ్మకం కుదరలేదు. మర్నాటి నుంచీ అందరూ తిన్నాక తింటానన్నాడు. ఆకలి లేదని ఒక వంక, పని ఉందని ఒక వంక. మనిషి తగ్గాడు.

భార్యకి ఫోను చేశాడు. అటునుంచి గరగరమని చప్పుడు, పసిగుడ్డు ఏడుపేమో అనిపించే సన్నటి జీర, మధ్యమధ్య ఆవిడ గొంతు ముక్కలు ముక్కలుగా. "ఇక్కడ పరిస్థితి బాగాలేదు, నువ్వు తొందరగా రా" అన్నాడు. ఆవిడ ఏదో పొడుగ్గా చెప్పింది. ఏమీ తెలియలేదు. చివర్లో "...మాట వినండి" అన్నది మాత్రం అందింది. ఎవరి మాట? కోడలి మాటా? ఆయన ఫోను పెట్టేశాడు. ఆవిడ కూడా అటే చేరిపోయిందన్నమాట.

ఇంతమందిని నిలదీసే ధైర్యం లేక, ఆయన మనవరాలి వైపు నుంచి నరుక్కొచ్చాడు. పిల్లకి మాట సరిగ్గా రావడం లేదని మొదలుపెట్టాడు. నాలుక మందమేమో, చెవిలోనే లోపముందేమో, తల్లి పట్టించుకోవడం లేదేమో అని కొడుకుతో అన్నాడు, దర్జీతో అన్నాడు, తాళం బాగుచేయించుకోవడానికి వచ్చిన ఇరుగుపొరుగుతో కూడా అన్నాడు. అది తిరిగి తిరిగి కోడలి చెవిన పడింది. ఆమె ఒకరోజు సెలవు పెట్టి, పిల్లని తీసుకుని, మామగారిని కూడా రమ్మని, పిల్లల మాట, వినికిడి పరీక్షించే చోటికి బయల్దేరింది. మీ కళ్ళతోనే చూడండి అన్నట్టుంది ఆమె నడక.

మందపాటి మెత్తలు అతికించిన గోడలు, బయటి చప్పుడు రాని చిన్న గది. రెండు మూలల్లో రెండు స్పీకర్లు. పరీక్ష చేసే అమ్మాయి చాలా చిన్నది, కాలేజీ నుంచి నిన్న వచ్చినట్టుంది. మనవరాలి ముందు ఒక గిన్నె, గుప్పెడు రంగు పూసలు పెట్టింది. చప్పుడు వినిపించినప్పుడల్లా ఒక పూస గిన్నెలో వెయ్యాలి, అదే ఆట. కోడలు పిల్ల వెనక కూర్చుంది. తాళాలాయనకి మూలన కుర్చీ వేశారు.

అమ్మాయి అద్దం అవతలికి వెళ్ళి మీటలు తిప్పింది. మొదట బొంగురు కూత ఒకటి వచ్చింది. పిల్ల పూస వేసింది. ఆ తర్వాత గదంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే పిల్ల ఇంకో పూస వేసింది. ఇంకోటి. తల అటు తిప్పి, నవ్వి, ఇంకోటి.

తాళాలాయన కుర్చీలో ముందుకి వంగాడు. ఏ చప్పుడూ లేదు. అయినా పిల్ల పూసలు వేస్తూనే ఉంది. అంటే ఎవరో సైగ చేస్తున్నారు. కోడలి చేతులు చూశాడు, ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. పాదాలు చూశాడు. అవీ కదలడం లేదు. అయితే ఇంటిదగ్గరే నేర్పి తీసుకొచ్చి ఉండాలి. అద్దం వెనకున్న అమ్మాయి కూడా వీళ్ళ మనిషేనేమో!

బయటికొచ్చాక అమ్మాయి చెప్పింది, ఆయన మొహంలోకి చూస్తూ, నిదానంగా. "పాపకి చక్కగా వినిపిస్తోంది తాతగారూ. మాట కూడా వయసుకి తగ్గట్టే ఉంది. బెంగేమీ లేదు."

"నువ్వు చప్పుడే చెయ్యకపోతే పిల్లకి ఎలా వినిపించింది?"

అమ్మాయి చేతిలో కాగితం పక్కన పెట్టింది. "మీకు ఏదీ వినిపించలేదా?"

"రానిది ఎలా వినిపిస్తుంది?"

"ఒకసారి మీకు కూడా పరీక్ష చేద్దామా? నొప్పేమీ ఉండదు."

తాళాలాయన లేచి నిలబడ్డాడు. ఇప్పుడు అర్థమైంది. పిల్ల మీద మొదలుపెట్టి చివరికి తన మీదికి తెచ్చారు. ఒక కాగితం రాసి చేతిలో పెడితే చాలు, ముసలాడికి మతి లేదు, చెవి లేదు అని ఎక్కడికైనా పంపేయొచ్చు.

"నేను తాళాలు బాగుచేసేవాణ్ణమ్మా. లోపల వెంట్రుకంత మర కదిలితే నాకు తెలుస్తుంది. నాకేమీ అంటగట్టొద్దు," అని విసవిసా బయటికి నడిచాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కోడలు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. లేకపోతే మాట్లాడిందేమో, ఆయనకి తెలియలేదు. కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకోవడం మాత్రం చూశాడు. అది కూడా నాటకమేనా కాదా అని ఇంటికి చేరేదాకా తర్కించుకున్నాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకి, ఎండ నడినెత్తికి వచ్చే వేళ, వెనక వీధి నుంచి ఒకావిడ చేతులు ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఆవిడ పక్కింట్లో ఉండే లెక్కల టీచరమ్మ స్నానాల గదిలో ఇరుక్కుపోయిందట, తలుపు గడియ పట్టేసిందట. టీచరమ్మ ఒంటరి మనిషి. ఆ పేటలో సగంమంది ఆవిడ దగ్గర మొట్టికాయలు తిని పెద్దవాళ్ళయినవాళ్ళే, ఆయన కొడుకుతో సహా. తాళాలాయన సంచీ భుజాన వేసుకుని టీచరమ్మ ఉండే పై అంతస్తుకి వెళ్ళాడు. తీసుకొచ్చినావిడ, తన కొడుక్కి ఫోను చేసొస్తానని కిందికి దిగింది.

ఆయన తలుపు దగ్గర వంగి, "అమ్మా, బాగున్నారా?" అని కేకేశాడు. జవాబు లేదు. "టీచరమ్మా!" అన్నాడు. జవాబు లేదు. స్పృహ తప్పి ఉంటుంది. చకచకా మరలు విప్పాడు. సన్నటి కమ్మీ దూర్చి గడియ నాలుకని వెనక్కి నెట్టాడు. వేళ్ళకి అది జారడం తెలిసింది. తలుపు కొంచెం కదిలి ఆగిపోయింది, ఏదో అడ్డుంది. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుందని భుజం ఆనించి బలమంతా పెట్టి తోశాడు.

తలుపు తెరుచుకుంది. దాని వెనకాలే, తడి నేల మీద, టీచరమ్మ గోడకి ఒరిగి ఉంది. స్పృహలోనే ఉంది. ఎడమ చెయ్యి కుడి చేత్తో పట్టుకుని ఉంది. మణికట్టు ఉండకూడని వంపు తిరిగి ఉంది.

ఆయన ఆవిడ పక్కన వంగాడు. టీచరమ్మ ఆయన మొహంలో మొహం పెట్టి, తరగతి చివరి బల్లకి వినిపించే గొంతుతో అంది. "జారిపడి తలుపుకి ఆనుకుని ఉన్నాను, తొయ్యకు, తొయ్యకు అని గొంతు చించుకున్నాను కదయ్యా! బాగానే ఉన్నాననీ చెప్పాను. నీకు తలుపు అవతలే ఉండి వినిపించలేదా?"

అప్పటికి కిందికెళ్ళినావిడ రొప్పుతూ పైకొచ్చింది. "ఏమైంది? టీచరుగారి కేకలు వీధిలోకి వినిపించాయి!"

టీచరమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళి, కట్టు కట్టించి, ఇంటికి చేర్చేదాకా తాళాలాయన వెంటే ఉన్నాడు. దారి పొడుగునా అలవాటుగా ఒక కుట్ర కోసం వెతుకుతూనే ఉన్నాడు. ఈవిడకి తనంటే కక్ష ఏముంది? లేదు. కోడలితో స్నేహమా? లేదు. ముసలావిడ చెయ్యి విరగ్గొట్టుకుని మరీ తనని మోసం చేస్తుందా? ఎటు తిప్పినా ఆ తాళం ఒక్క దానికే తెరుచుకుంటోంది. ఆవిడ అరిచింది. తనకి వినిపించలేదు.

మర్నాడు కొట్టు తెరవలేదు. ఎవరికీ చెప్పకుండా, పెళ్ళిచూపులకి వెళ్ళేవాడిలా శుభ్రంగా గడ్డం గీసుకుని, ఆ మెత్తల గదికి ఒక్కడే వెళ్ళాడు. అమ్మాయి గుర్తుపట్టింది. ఏమీ అనకుండా కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చేతిలో బటను పెట్టింది. చాలాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంత నిండుగా ఉందో ఇప్పుడు ఆయనకి తెలుసు కాబట్టి భయమేసింది.

పరీక్ష అయ్యాక అమ్మాయి కాగితం మీద ఒక గీత చూపించింది. ఎడమ చివర కాస్త ఎత్తులో మొదలై, కుడి వైపుకి మెట్ల మీంచి పడ్డట్టు జారిపోతోంది.

"అందరికీ ఇదే చూపిస్తావా?" అన్నాడాయన.

అమ్మాయి నవ్వి, సొరుగులోంచి ఇంకో కాగితం తీసింది. "ఇది నాది. నేల చదునుగా ఉన్నట్టుంది, చూడండి." తర్వాత ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుంది. "మీకు బొంగురు గొంతులు బాగానే వినిపిస్తాయి. సన్నటివి పోయాయి. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు. మాటల్లో కూడా స, త, ప, చ లాంటివి ఎగిరిపోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. మీ పనిలో మోత ఎక్కువా?"

"మోత లేకపోతే పనేముంది."

"వయసూ ఉంది, ఆ మోతా ఉంది. ఒక్కరోజులో వచ్చింది కాదు, ఏళ్ళ తరబడి జరిగింది. పోయింది తిరిగి రాదు కానీ చెవికి మిషను పెట్టుకుంటే చాలావరకు పనవుతుంది. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరూ చెప్పలేదా తాతగారూ?"

ఆయన ఆ గీత మీద వేలు పెట్టి చివరిదాకా జరిపాడు. "ఇంట్లోవాళ్ళు నా గురించి చెవులు కొరుక్కుంటున్నారు," అన్నాడు. చిన్నపిల్లాడి ఫిర్యాదులా ఉంది ఆ గొంతు.

"అలా అనిపిస్తుంది. వినపడని చోటల్లా ఖాళీయే కదా, దాన్ని మనసు ఊరికే వదలదు. ఏదో ఒకటి పెట్టి నింపుతుంది. మంచి మాటలతో నింపుకునేవాళ్ళని నేనింకా చూడలేదు."

ఆ వారాంతానికి భార్య తిరిగొచ్చింది. కూతురికి, బిడ్డకి కులాసా అని, బిడ్డ ముక్కు తాతదేనని, గుమ్మంలోంచే పెద్ద గొంతుతో చెప్పుకుంటూ వచ్చింది. ప్రతి మాటా ఆయనకి అందింది. సంచులు దించుతుంటే అడిగాడు.

"నాకు చెవుడని నీకు తెలుసా?"

ఆవిడ సంచీ నేల మీద పెట్టింది. "తెలుసు."

"ఎప్పట్నించి?"

"మనవరాలు పుట్టకముందు నుంచి."

"మరి చెప్పవేం?"

"చెప్పాను. మీరే వినలేదు."

కొడుకు పక్కుమన్నాడు, వెంటనే నోరు మూసుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. "రెండుసార్లు చెప్తే రెండుసార్లూ కస్సుమన్నారు. మూడోసారి ఎందుకులే అని, నేనే పక్కన కూర్చుని అన్నీ తిరగచెప్పడం మొదలుపెట్టాను. అలా చెయ్యకుండా ఉండాల్సింది. ఫోనులో కూడా అదే చెప్పాను, పరీక్ష చేయించుకోండి, నా మాట వినండి అని."

తాళాలాయన కొడుకు వైపు తిరిగాడు. "మరి మందు పెట్టడం ఎవరికి? దూరంగా వదిలేసి రావడం ఎవరిని?"

కొడుక్కి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "ఎలుక నాన్నా! ముసలి ఎలుక. నీ పాత తాళాల పెట్టెలో గూడు కట్టింది. పెట్టె తీస్తే నువ్వు గోల చేస్తావని నీకు చెప్పలేదు. బోనులో పట్టి చెరువు అవతల వదిలి వచ్చా." అంతలో ఇంకేదో తట్టింది. "అందుకేనా కంచం మార్చావు?"

ఆయన తల దించుకున్నాడు. "నువ్వు తినేదాకా చూశాను," అన్నాడు.

కొడుకు వచ్చి తండ్రి పక్కన మంచం మీద కూర్చున్నాడు, అంతే.

కోడలు ఆ వేళకి ఉద్యోగంలో ఉంది. తాళాలాయన సాయంత్రం దాకా ఆగలేకపోయాడు. గ్రంథాలయానికి నడిచి వెళ్ళాడు. పొడుగాటి బల్లల దగ్గర ఇరవై ముప్ఫై మంది పుస్తకాల్లో తలలు దూర్చి ఉన్నారు. చివర్న బల్ల వెనక కోడలు. ఆయన్ని చూసి కంగారుగా లేచింది. ఆయన బల్ల ముందు నిలబడి, రహస్యం చెబుతున్నాననుకుంటూ మొదలుపెట్టాడు. కానీ తన గొంతు ఎంత ఉందో ఆయనకే తెలియదు.

"నీ పిల్లకి మాట రాదని ఊరంతా చెప్పాను తల్లీ! లోపం దానికి కాదు, నాకు! నువ్వు నా తిండిలో ఏదో కలుపుతున్నావని కూడా అనుకున్నాను! తప్పు నాది!"

తలలన్నీ ఒక్కసారి లేచాయి. ఎవరిదో పెన్ను కింద పడింది. కోడలు చెవులదాకా ఎర్రబడి, నవ్వాలో ఏడవాలో తెలియక, బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "మావయ్యా, మెల్లిగా," అంది. ఆయనకి వినిపించలేదు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. ఆమె ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది: నాకు చాలా కోపంగా ఉంది. ఇంటికెళ్ళాక చెప్తాను. టీ తాగుతారా?

ఆయన తల ఊపాడు. టీ అనుమానించకుండా తాగాడు.

దర్జీకి సంగతి తెలిసి, "తాళంచెవులు చేసి చేసి సొంత చెవులు పోగొట్టుకున్నావన్నమాట," అని మిషను ఆపి మరీ నవ్వాడు. తర్వాత రోజు మాత్రం, ఎవరూ చూడకుండా, ఆ పరీక్ష చేసే చోటు ఎక్కడుందని అడిగాడు.

చెవి మిషను వచ్చాక కొన్నాళ్ళు నరకం. గిన్నెలు పిడుగుల్లా పడుతున్నాయి, కాగితం తిప్పితే మంటలు అంటుకున్నట్టుంది, తన చెప్పులే తనని వెంటాడుతున్నాయి. ఇది లేని చప్పుళ్ళు పుట్టిస్తోందని తీసి సొరుగులో పడేశాడు. అమ్మాయి పిలిపించి, మీటలు సరిచేసి, రోజూ కొంచెం కొంచెంగా పెట్టుకొమ్మంది. కొట్టులో మిషను ఆడించేటప్పుడు అది తీసేసి, మోత ఆపే డిప్పలు తగిలించుకొమ్మంది. డిప్పలు పెట్టుకున్న తాళాలాయనని చూసి వీధిలో పిల్లలు విమానం నడుపుతున్నావా తాతా అన్నారు. ఆయన పట్టించుకోలేదు.

ఇంట్లోవాళ్ళ మాటలన్నీ ఇప్పుడు వినిపిస్తున్నాయి. గుమ్మం దగ్గర ఆగి వినడం మాత్రం ఇంకా మానలేదు. కొడుకు బ్రేకుల గురించి మాట్లాడుతుంటాడు, కోడలు తిరిగిరాని పుస్తకాల గురించి. తన ఊసే ఉండదు. రోజుల తరబడి ఎవరూ తన గురించి ఏమీ అనుకోకపోవడం ఆయనకి కొంచెం చిన్నతనంగానే తోచింది.

టీచరమ్మ చెయ్యి అతుక్కుంది కానీ పూర్తిగా తిరగదు. అది ఆయన్ని వదల్లేదు. వారానికొకసారి వెళ్ళి ఆవిడ చెప్పిన పనేదో చేసిపెట్టి వస్తాడు. ఆవిడ ఇంకా కసురుతూనే ఉంటుంది.

ఒకరోజు పొద్దున్నే, కొడుకు కోడలు పనికి, పిల్ల బడికి వెళ్ళిపోయాక, ఆయన వరండాలో కూర్చుని ఉంటే లోపల్నుంచి ఒక కొత్త గొంతు వినిపించింది. ఆడగొంతు, సన్నగా, తెగకుండా. ఇంట్లో ఆయన, భార్య తప్ప ఎవరూ లేరు. చటుక్కున లేచాడు. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, తలుపు పక్కన నక్కి లోపలికి తొంగి చూశాడు.

భార్య బట్టలు మడతపెడుతోంది. పెదాలు మూసుకునే ఉన్నాయి. ఆ రాగం ఆవిడ గొంతులోంచే వస్తోంది.

"ఎప్పట్నించి ఇది?" అన్నాడు.

ఆవిడ ఉలిక్కిపడి చూసింది. "ఏది?"

"ఆ కూనిరాగం."

"పెళ్ళికి ముందు నుంచీ," అంది ఆవిడ. ఈసారి గొంతు పెంచలేదు. "బాగాలేదా?"

ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు. "మధ్యలో ఎక్కడో తప్పుతోంది," అన్నాడు. "మళ్ళీ మొదట్నించి అను, ఎక్కడో చెప్తాను."